కొండ మీద పడవ

తాయిఫ్‌లో పడవ బాగుచేస్తున్నానని చెప్పినప్పుడు మా ఆవిడ ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "ఏమండీ, వేళకి అన్నం తింటున్నారా?" అంది.

ఆవిడ అనుమానం ఆవిడది. తాయిఫ్ ఎక్కడుందో తెలిసినవాళ్ళెవరికైనా ఆ అనుమానమే వస్తుంది. సముద్రమట్టానికి 1,800 మీటర్ల పైన, కొండల మీద ఉన్న ఊరు అది. గులాబీలకి పేరు. మార్చి చివర్లో మొదలుపెట్టి ఏప్రిల్ దాకా తెల్లవారుజామున పూలు కోసి అత్తరు దింపుతారు. ఎండాకాలం వస్తే మక్కా వాళ్ళూ జెద్దా వాళ్ళూ చల్లదనం కోసం కొండెక్కి వస్తారు. అల్ హదా ఘాట్ రోడ్డు పక్కన కోతుల గుంపులు కూర్చుని, వచ్చేపోయే కార్ల దగ్గర పన్ను వసూలు చేస్తుంటాయి. అన్నీ ఉన్నాయిగానీ నీళ్ళే లేవు. ఉప్పునీళ్ళు చూడాలంటే కొండ దిగి, జెద్దా దాకా దాదాపు 170 కిలోమీటర్లు పోవాలి.

అలాంటి ఊళ్ళో, మా కాంపౌండ్ వెనకాల, జనరేటర్ షెడ్డు పక్కన ఒక తెరచాప పడవ ఉండేది. చక్రాల ట్రెయిలర్ మీద ఉంది. టైర్లు నేలకి అతుక్కుపోయాయి. మీద కప్పిన టార్పాలిన్ ఎండకి పీలికలైంది. లోపల పావురాల కాపురం. నేను 2016లో ఒక ప్రాజెక్టు మీద తాయిఫ్ వచ్చిన రోజు నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నాను. చూసీ చూడనట్టు, చెత్తకుండీని చూసినట్టు చూశాను.

తర్వాత రోజులు మారాయి. 2017 జులై నుంచి సౌదీలో కుటుంబ సభ్యుల మీద లెవీ మొదలైంది. తలకి నెలకి 100 రియాళ్ళు, ఏడాదికి మరో 100 చొప్పున పెంచుకుంటూ పోయి 2020 జులైకి 400. ఇక్కడున్న వాళ్ళకి ఈ లెక్క వివరించక్కర్లేదు, ఎయిర్‌పోర్టులో వాళ్ళే చూశారు. భార్యాపిల్లల్ని విమానం ఎక్కించి, ఖాళీ ఇంటికి ఒంటరిగా కారు నడుపుకుంటూ వచ్చిన మగాళ్ళు ఎందరో. నేనూ 2019లో మా వాళ్ళని కాకినాడ పంపేశాను. ఆ తర్వాత ఆరునెల్లకి కరోనా. 2020 మార్చిలో విమానాలు ఆగాయి. ఏప్రిల్ మొదట్లో తాయిఫ్‌లో రోజంతా కర్ఫ్యూ. ఆఫీసు పని లాప్‌టాప్‌లోకి వచ్చేసింది. సాయంత్రాలు నడవడానికి కాంపౌండ్ గోడ లోపల ఒక చుట్టు, రెండు చుట్లు, ముప్ఫై చుట్లు. ప్రతి చుట్టులోనూ ఆ పడవ ఎదురయ్యేది.

దాని కథ హారిస్ చెప్పాడు. యెమెన్ మనిషి, మాకంటే పాతవాడు. చాలా ఏళ్ళ కిందట ఇక్కడ పనిచేసిన ఒక బ్రిటిష్ ఇంజినీరుదట. వారం వారం జెద్దా వెళ్ళి నడుపుకునేవాడట. ఒక వేసవిలో, అక్కడి ఉప్పుగాలికి పాడైపోతోంది, పైన పొడిగా ఉంటుంది కదా రంగులేసుకుందామని కొండ మీదికి లాక్కొచ్చాడు. ఇంతలో అతని కాంట్రాక్టు అయిపోయింది, ఫైనల్ ఎగ్జిట్. మనిషి దిగిపోయాడు, పడవ ఉండిపోయింది. కాంపౌండ్ మేనేజర్ని అడిగితే, "తీసుకో. కానీ 2021 ఆఖరుకి ఇక్కడుండకూడదు. అక్కడ పార్కింగ్ వేస్తున్నాం" అన్నాడు. పాత యజమానిని ఈమెయిల్లో పట్టుకున్నాను. రెండు లైన్ల జవాబు వచ్చింది. ఉచితంగానే ఇచ్చేస్తున్నాననీ, స్తంభం నిలబెట్టేటప్పుడు వేళ్ళు జాగ్రత్త అనీ.

వెనక పలక మీది నంబరు చూసి తెలుసుకున్నాను, అది 1983లో తయారైన కేటలీనా 22. ఫ్రాంక్ బట్లర్ అనే అమెరికన్ 1969లో మొదలుపెట్టిన నమూనా, 15,000కు పైగా తయారయ్యాయి. ఇరవై ఒకటిన్నర అడుగుల పొడవు, దాదాపు టన్ను బరువు. దీని తమాషా ఏమిటంటే, కింద వేలాడే ఇనపరెక్క ఒకటి ఉంటుంది, సుమారు 250 కిలోలు. నీళ్ళలో దాన్ని దించితే పడవ పక్కకి కొట్టుకుపోకుండా, బోర్లాపడకుండా పట్టుకుంటుంది. విన్చి తిప్పి పైకి మడిస్తే ట్రెయిలర్ ఎక్కుతుంది. అంటే కారు వెనకాల కట్టుకుని ఊరూరూ తిరగగలిగిన ఓడ అన్నమాట. అందుకే కొండెక్కగలిగింది.

పడవల గురించి నాకేం తెలుసని? ఏమీ తెలియదు. ఆ తెలియకపోవడానికి ఒక కథ ఉంది.

మాది తాళ్ళరేవు. కాకినాడ నుంచి యానాం పోయే దారిలో, కోరంగి మడ అడవుల పక్కన. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. 1839 నవంబరు తుఫానులో ఓడలూ ఊరూ కొట్టుకుపోయాయి. ఆ తర్వాత రేవు మునుపటిలా కోలుకోలేదు. అయినా పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు, అక్కడినుంచి ఓడ ఎక్కినవాళ్ళు అంతమంది కాబట్టి. రేవు పోయినా పడవలు కట్టే పని మాత్రం మా చుట్టుపక్కల నిలిచింది. మా నాన్న ఆ పనివాడే. చెక్కబోట్లు కట్టేవాడు. కాలవ గట్టున చెట్ల కింద, కాగితం మీద గీత గీయకుండా, కంటితో కొలిచి.

నాకు పదకొండేళ్ళప్పుడు నాన్న భోజనానికి వెళ్ళిన సమయం చూసి బాడిత పట్టుకున్నాను. రెండు దెబ్బలు బాగానే పడ్డాయి. మూడోది మోకాలి కింద పడింది. మచ్చ ఇప్పటికీ ఉంది. నాన్న పరిగెత్తుకుంటూ వచ్చి ముందు బాడిత లాక్కున్నాడు, తర్వాత చెంప పగలగొట్టాడు, ఆ తర్వాతే రక్తం చూశాడు. "ఇంకోసారి పనిముట్టు ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను. చదువుకో" అన్నాడు. చదువుకున్నాను. విశాఖపట్నంలో ఎం.టెక్ చేస్తున్నప్పుడు నా ఫీజులు ఎన్ని బోట్ల కూలో నాన్నకే తెలుసు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో కుదురుకునేసరికి ఊళ్ళో చెక్క పని తగ్గడం మొదలైంది. ఫైబర్ బోట్లు అప్పటికే వచ్చాయి. 2004 సునామీ తర్వాత సాయం పేరుతో ఇంకా వచ్చిపడ్డాయి. తేలిక, చవక, పుచ్చిపోవు. నాన్న ఫైబర్ బోటు వంక చూసేవాడు కాదు. అది ఎదురొస్తే తల తిప్పుకునేవాడు, పడని చుట్టాన్ని చూసినట్టు.

అందుకని పడవ సంగతి నాన్నకి చెప్పడానికి వారం ఆలోచించాను. ఐఎమ్‌ఓలో వీడియో కాల్ చేసి కెమెరా దాని మీదికి తిప్పాను.

"ఏంట్రా అది?"

"పడవ నాన్నా. బాగుచేద్దామని."

"దేంతో కట్టారు?"

"ఫైబర్."

"ప్లాస్టిక్ బకెట్టుకి బాగుచేతేంట్రా?" అని ఫోను అమ్మ చేతికిచ్చేశాడు.

నేనే మొదలుపెట్టాను. పావురాల్ని పంపించాను, రెట్టలు గోకాను. ఎండకి పైపొర సుద్దలా మారి, చెయ్యి పెడితే తెల్లగా అంటుకునేది. అదేం భయం కాదు, రుద్ది పాలిష్ పడితే పోతుంది. భయం వేరే చోట ఉంది. స్తంభం నిలబడే చోటికి ముందు, డెక్ మీద కాలు పెడితే మెత్తగా దిగుతోంది. నెట్‌లో వెతికితే ఒక చిన్న సుత్తితో అంగుళం అంగుళం కొట్టి చూడమన్నారు. కొట్టాను. నాకు అన్నీ ఒకేలా వినిపించాయి.

మర్నాడు అమ్మతో మాట్లాడుతూనే, ఫోను పక్కన పెట్టి కొడుతూ ఉన్నాను. కావాలని కాదు. పని మానేసి మాట్లాడ్డం అలవాటు తప్పింది, అంతే. అవతల అమ్మ గొంతు ఆగిపోయి నాన్న గొంతు వచ్చింది.

"ఆగు. మళ్ళీ కొట్టు."

కొట్టాను.

"ఎడమకి జరిగి కొట్టు. ఆ. ఇంకొంచెం. ఫోను దాని మీద బోర్లా పెట్టి కొట్టు. ఒరే అబ్బాయ్, అక్కడ చచ్చిపోయింది."

"ఏది?"

"లోపల చెక్క ఉందిరా. తడిసి చచ్చిపోయింది. బతికున్న చెక్క టకటకమంటుంది. ఇది బొదబొదమంటోంది, వినబడట్లేదూ?"

వినబడింది. ఆయన చెప్పాక వినబడింది. సుద్దముక్క తెచ్చుకుని, ఆయన "బతికుంది" అన్నచోట సున్నా, "చచ్చింది" అన్నచోట ఇంటూ పెట్టుకుంటూ పోయాను. రెండున్నర వేల మైళ్ళకి పైగా అవతల కూర్చున్న మనిషి ఒక చవక ఫోనులో వచ్చే చప్పుడు విని, అరగంటలో డెక్ మొత్తం పటం గీయించాడు. మర్నాడు గ్రైండర్‌తో పైపొర కోసి ఎత్తితే, ఇంటూలున్న చోటల్లా నల్లగా నానిన ప్లైవుడ్, టీలో నానిన బిస్కెట్టులా చేతికొచ్చింది. సున్నాలున్న చోట పసుపు రంగులో, 1983లో ఎలా ఉందో అలాగే.

అది చూపిస్తే నాన్న కెమెరాకి మొహం ఆనించి చూశాడు. చూసి నవ్వడం మొదలుపెట్టాడు. "ఎహె! దీన్లోనూ చెక్కే ఉందేంట్రా!" ఆ సాయంత్రమే అరుగు దగ్గర, మూతికి గుడ్డలు కట్టుకుని దూరదూరంగా కూర్చున్న నలుగురికీ చెప్పాడని అమ్మ చెప్పింది. అమెరికావోడు కూడా చెక్క లేకుండా కట్టలేకపోయాడు అని.

అక్కడినుంచి మేస్త్రీ ఆయన, కూలీ నేను. తాయిఫ్ ఎడారి ఊరని ఎవరనుకున్నా, వసంతంలో ఉరుములతో గట్టి వానలే పడతాయి. ఆ నీళ్ళు లోపలికెలా దిగాయని అడిగితే, "బల్లలోంచి దిగవురా, మేకు కన్నంలోంచి దిగుతాయి. ప్రతి మేకూ పీకు" అన్నాడు. పీకాను. రెయిలింగు బోల్టులు, తాడు కట్టే కొక్కేలు, కిటికీ ఫ్రేములు, అన్నీ. ప్రతి కన్నాన్నీ పెద్దది చేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక నడిమధ్యన మళ్ళీ చిన్న కన్నం వెయ్యాలి. అప్పుడు నీరు కారినా చెక్కకి తగలదు. ఎపాక్సీ సంగతి నాన్నకి తెలియదు, నేనే నేర్చుకున్నాను. జులై మధ్యాహ్నం తొందరపడి అరలీటరు ఒకేసారి ప్లాస్టిక్ మగ్గులో కలిపాను. ఐదు నిమిషాల్లో మగ్గు వేడెక్కి, పొగలొచ్చి, సొట్టపోయింది. తర్వాత టీకప్పులో కలిపి, వెడల్పు పళ్ళెంలో పోసుకోవడం, అదీ తెల్లవారుజామునే, అలవాటు చేసుకున్నాను. మా వృత్తిలో వేరేవాళ్ళు రాసి వదిలేసిన పాత ప్రోగ్రాములు బాగుచేస్తుంటాం. అక్కడ తప్పు చేస్తే వెనక్కి తిప్పుకునే మీట ఉంటుంది. గట్టిపడిన ఎపాక్సీకి అలాంటిది లేదు.

కొత్త ప్లైవుడ్ ముక్కల్ని పాత చెక్కకి అతకడానికి అంచులు ఏటవాలుగా చిత్రిక పట్టాలి. అది చేస్తుంటే నాన్న ఫోన్లో చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"ఆ వేళ బాడిత లాక్కున్నాను గానీ," అన్నాడు, "పట్టుకోవడం సరిగ్గానే పట్టుకున్నావురా."

నేను చిత్రిక ఆపలేదు. ఆపితే ఏదో ఒకటి అనాల్సి వస్తుంది.

ఇనపరెక్క మాత్రం నన్ను ఏడిపించింది. అది తిరిగే ఇరుసు అరిగిందో లేదో చూడాలంటే పడవ కిందనుంచి దాన్ని దించాలి. క్రేన్ పిలిస్తే డబ్బులు. "మనూళ్ళో క్రేన్ ఉండేదా?" అన్నాడు నాన్న. రెండు పక్కలా జాకీలు, కింద దుంగలు. ఒక్కోపక్క ఒక్కో అంగుళం ఎత్తి, దుంగ తోసి, మళ్ళీ అవతలపక్క. హారిస్, నేను, ఇద్దరు మలయాళీ కుర్రాళ్ళు రెండు శుక్రవారాలు అదే పని చేశాం. ట్రెయిలర్ బయటికి లాగేసి, రెక్కని పాత టైర్ల మీదికి దించాం. ఇరుసు మధ్యలో అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. అది విరిగితే 250 కిలోల ఇనుము పడవ అడుగుని చీల్చుకుని సముద్రంలోకి పోతుంది. సనయ్యలో ఒక లేత్ మేస్త్రీ కొత్తది తిప్పిచ్చాడు. దేనికని అడిగితే పడవకని చెప్పాను. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారీ అదే చెప్పాను. డబ్బు తీసుకోలేదు. పడవ నీళ్ళలో దిగాక ఫొటో పంపమన్నాడు.

మిగతా పనులు పేరుకి చెబుతాను. స్తంభాన్ని పట్టి ఉంచే ఉక్కు తీగల మీద దూదిలాంటి గుడ్డతో తుడుచుకుంటూ పోతే మూడుచోట్ల పోగు తగులుకుంది. అంటే లోపల తీగలు తెగుతున్నాయని. మొత్తం మార్చాను. తెరచాపల గుడ్డ బాగానే ఉంది, కుట్టుదారం మాత్రం వేలితో లాగితే తెగింది. గుడారాలు కుట్టే బంగ్లాదేశ్ దర్జీ మళ్ళీ కుట్టాడు. మొత్తానికి పద్దెనిమిది నెలలు. ఖర్చు ఎంతయిందో రాయను. ఈ పుస్తకం మా ఆవిడ కూడా చదువుతుంది.

2021 నవంబరులో కొండ దిగాం. అక్కడొక చిక్కు. పాత ట్రెయిలర్‌ని అంత దూరం నమ్మలేక, సత్హా మాట్లాడాను. ఆ లారీల్ని అల్ హదా ఘాట్‌లో దిగనివ్వరు, అల్ సైల్ వైపు చుట్టు దారిన పోవాలి. ఆ దారి మక్కా మీదుగా. ముస్లిములు కానివాళ్ళకి ఆ పవిత్ర ప్రాంతంలోకి ప్రవేశం లేదు. మాకు పక్కనుంచి బైపాస్ ఉంది. అందుకని డ్రైవరు, పెషావర్ మనిషి, పడవని తీసుకుని ఆ దారిన వెళ్ళాడు. నేను కారులో ఘాట్ మలుపులు దిగి బైపాస్‌లో వెళ్ళాను. జెద్దాలో కలిసినప్పుడు అతను నా చెయ్యి పట్టుకుని, "మీ పడవ మక్కా మీదుగా వచ్చింది సాబ్. ఇంక మునగదు" అన్నాడు. నేను వెళ్ళలేని చోటికి నా పడవ వెళ్ళొచ్చింది. నాన్నకి చెబితే, పడవకి దణ్ణం పెట్టుకో అన్నాడు.

జెద్దాకి ఉత్తరాన ఒభూర్ అని, సముద్రం సుమారు 10 కిలోమీటర్లు భూమిలోకి చొచ్చుకొచ్చిన పాయ ఉంది. పడవలవాళ్ళకి అదే చోటు. కాగితాలు మా ఆఫీసు సౌదీ మిత్రుడి పేరు మీద చేయించాం. అక్కడ హరస్ అల్ హుదూద్ అనుమతి లేనిదే తాడు విప్పకూడదు. ఆ కాగితాలకి నాలుగు ప్రయాణాలు పట్టింది, అదింకో వ్యాసం.

ఇక నడపడం. నాన్నని అడిగితే, "నాకేం తెలుసురా? కట్టేవాణ్ణి గానీ నడిపేవాణ్ణా? నేను కట్టినవన్నీ ఇంజిన్ బోట్లే. తెరచాప మీ తాతతో పోయింది" అన్నాడు. అంత పనివాడికీ ఇది తెలియకపోవడం నాకు విచిత్రంగా తోచింది. పుస్తకాలూ వీడియోలూ చూసి నేర్చుకున్నాను. ఎదురుగాలికి తిన్నగా పోలేం. కొంచెం కుడివాటంగా, కొంచెం ఎడమవాటంగా మెలికలు తిరుగుతూ పోవాలి. తెరచాప పక్షి రెక్కలా వంగి గాలిని పట్టుకుంటుంది. కింద ఇనపరెక్క పక్కకి జారనివ్వదు. ఆ రెండిటి పెనుగులాటలో పడవ ముందుకి పోతుంది. కాగితం మీద ఎంతో సులువు.

నీళ్ళలో, మొదటి పదినిమిషాల్లో మలుపు తిప్పబోయి మధ్యలో ఆగిపోయాను. ముక్కు గాలికి తిన్నగా నిలిచింది. తెరచాప టపటపా కొట్టుకుంటోంది. చుక్కాని ఎటు తిప్పినా పలకదు. ఒడ్డున సౌదీ మిత్రుడు చేతులూపుతూ ఏదో అరుస్తున్నాడు. పడవ వెనక్కి నడవడం మొదలుపెట్టింది. చివరికి ముక్కు ఒకవైపు పడి, తెరచాప కింద ఉండే అడ్డకొయ్య విసురుగా తిరిగి నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. మధ్యాహ్నం అయ్యేసరికి వాయువ్యపు గాలి పెరిగింది. పడవ ఒరిగి, పరుగెత్తి, నేను కేక వేసేలోపు 'గర్ర్' మని ఆగింది. ఇసుకలో దిగబడింది. లోపలికి దూకి విన్చి తిప్పాను. ఒక్కో చుట్టుకీ ఇనపరెక్క కొంచెం కొంచెం పైకి వచ్చి, పడవ మెల్లగా కదిలి తేలింది. కొత్త ఇరుసు పట్టుకుంది. ఆ తర్వాత ఒక అరగంట, ఏం జరిగిందో తెలియదు, అన్నీ సరిగ్గా కుదిరాయి. ఇంజిన్ లేదు. నీళ్ళ చప్పుడు మాత్రమే. నా మోకాలి మచ్చ మీద ఉప్పు ఎండి తెల్లగా పొరకట్టింది.

రాత్రి రేవులో కట్టేసి నాన్నకి ఫోన్ చేశాను. గాలి, వేగం, దెబ్బ, ఇసుక అంతా చెప్పబోయాను. ఆయన ఒకటే అడిగాడు.

"నీళ్ళొచ్చాయా?"

"కొంచెం."

"ఎంత?"

"చెంబుడు ఉంటాయి."

"ఫరవాలేదు. రెండ్రోజులు నీళ్ళలో ఉంటే చెక్క ఉబ్బి, సందులు వాటంతటవే పూడిపోతాయి."

"ఫైబర్ కదా నాన్నా. ఉబ్బదు."

అవతల కాసేపు నిశ్శబ్దం. "ఆయ్, అవును గదా" అన్నాడు. "అయితే ఎక్కణ్ణుంచో వెతకాలి. నీళ్ళు తోడేసి, గుడ్డతో పొడిగా తుడు. పిల్లలకి రాసే పౌడరు ఉందా?"

"తెస్తాను."

"అడుగంతా చల్లు. లైటు పెట్టుకుని కదలకుండా కూర్చో. ఎక్కడ తడిగీత కనబడితే అక్కడ. నేను లైన్లో ఉంటాను."

పౌడరు కోసం దగ్గర్లోని బకాలాకి వెళ్ళి వచ్చాను. పడవ అడుగున బోర్లా పడుకుని, ఒక చేత్తో టార్చి పట్టుకుని, రెండో చేత్తో ఫోను పడవ అడుక్కి ఆనించి పెట్టాను. తాళ్ళరేవులో అప్పటికి రాత్రి పదకొండు దాటింది. ఇద్దరం మాట్లాడకుండా చాలాసేపు ఉన్నాం.

"వచ్చిందా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"తొందరపడకు. చూస్తా ఉండు."